విశాఖకు కొత్తగా వచ్చారా? ముందు గోడకు తిథుల క్యాలెండరు తగిలించండి

బదిలీ మీదో, పిల్లల చదువుల కోసమో విశాఖపట్నంలో కాపురం పెట్టినవాళ్లు మొదటి ఆరు నెలలూ ఒకే పని చేస్తారు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ఆర్కే బీచ్‌కు బయలుదేరతారు. బండి ఎక్కడ పెట్టాలా అని అరగంట తిరుగుతారు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఇసుకలో కూర్చుంటారు, మురీ మిక్చర్ తింటారు, పిల్లవాడు నిక్కరు తడుపుకున్నాడని కోప్పడతారు, చీకటి పడ్డాక ఇంటిదారి పడతారు. ఏడో నెల వచ్చేసరికి "ఏముందండీ అక్కడ, నీళ్లే కదా" అంటారు. నంద్యాల నుంచి వచ్చిన నేనూ అదే మాట అన్నాను.

మా వీధి చివర పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. నా మాట విని నవ్వి, "సముద్రానికి సెలవు ఆదివారమే అని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నారు. ఆ సాయంత్రమే ఇంట్లోంచి పాత క్యాలెండరు ఒకటి తెచ్చి చూపించారు. తిథుల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గీతలు ఉన్నాయి: ఏ రోజు రాళ్లు బయటపడతాయి, ఏ రోజు గుడి దగ్గర జనం, ఏ రోజు నుంచి పడవలు వెళ్లవు. ఈ ఊళ్లో తీరిక వేళలు వారాన్ని బట్టి నడవవని, చంద్రుణ్ని బట్టి, రుతువును బట్టి నడుస్తాయని నాకు తెలిసింది అప్పుడే. ఆయన నేర్పినదానికి నా అనుభవం కొంచెం కలిపి, ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

ముందుగా క్యాలెండరు

తిథులు పెద్ద అక్షరాల్లో ఉన్న గోడ క్యాలెండరు కొనండి. ఫోనులో ఉంది కదా అనకండి. వంటింటి గోడమీద ఉంటే ఇంట్లో అందరికీ కనబడుతుంది, ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

ఎర్ర పెన్నుతో అమావాస్య, పున్నమిలకు సున్నాలు చుట్టండి. నీలం పెన్నుతో మూడు తేదీలు గుర్తు పెట్టండి: ఏప్రిల్ 15, జూన్ 14, డిసెంబరు 4. ఇవి ఏటా మారవు. మొదటి రెండూ తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధానికి మొదలు, చివర. మూడోది నౌకాదళ దినం. తరువాత పంచాంగం చూసి వైశాఖ శుద్ధ తదియ, ఆషాఢ శుద్ధ చతుర్దశి, కార్తీక సోమవారాలు, మార్గశిర గురువారాలు, మహాశివరాత్రి రాసుకోండి. పది నిమిషాల పని. ఏడాది పొడవునా ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంటుంది.

సాయంత్రం మానండి, తెల్లవారుజామున వెళ్లండి

ఇక్కడ తీరం తూర్పు ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. సాయంత్రం బీచ్‌లో కూర్చున్నవాడికి సూర్యాస్తమయం వీపు వెనక జరుగుతుంది. అసలు ఆట పొద్దున్నే. జూన్‌లో అయిదూ ఇరవైకల్లా, డిసెంబరులో ఆరున్నర లోపల సూర్యోదయం అవుతుంది. దానికి అరగంట ముందు ఒడ్డున ఉండండి.

తెల్లవారుజామున కొంతసేపు బీచ్ రోడ్డులో వాహనాలు ఆపి, నడిచేవాళ్లకు వదిలేస్తారు. కాళీమాత గుడి దగ్గర బండి పక్కన పెట్టి ఉత్తరం వైపు నడవండి. ఎడమ పక్క ఊరు, కుడి పక్క నీళ్లు, నడుమ వెడల్పాటి రోడ్డంతా మనుషులదే. షటిల్ ఆడేవాళ్లు, యోగాసనాలు వేసేవాళ్లు, చేతులు పైకెత్తి బలవంతంగా పెద్దగా నవ్వే నవ్వుల బృందాలు, స్కేటింగ్ చక్రాల మీద పడుతూ లేస్తూ పిల్లలు. వారానికి రెండు రోజులు వెళ్తే చాలు, నెల తిరిగేసరికి పలకరించే మొహాలు ఓ పది తయారవుతాయి. కొత్త ఊళ్లో స్నేహితులు లేరని బాధపడేవాళ్లకు నేను చెప్పే మొదటి మందు ఇది.

నడక అయ్యాక టిఫిను తిని ఇంటికి వచ్చేయండి. బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూడాలనుకుంటే మరో రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. సోమవారం వెళ్లకండి, మూసి ఉంటుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఈ ఓడ లోపల ఒక మనిషి పక్కకు తిరిగితేనే ఇంకో మనిషి దాటగలడు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలోంచి వంగి కాలు ఎత్తి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని తీసుకెళ్లేముందు ఈ సంగతి చెప్పండి, నేను చెప్పలేదు. లోపల చూపించేవాళ్లు చాలావరకు నౌకాదళంలో పనిచేసి వచ్చినవారే. తొందర పెట్టకుండా ఒక్క ప్రశ్న అడిగితే పది సంగతులు చెబుతారు.

నీళ్లలోకి దిగే ముందు

ఈ భాగం దాటేసి కిందికి పోవద్దు.

మన తీరంలో ఇసుక చాలాచోట్ల నిటారుగా నీళ్లలోకి దిగిపోతుంది. నాలుగు అడుగులు వేస్తే మోకాలి లోతు, ఐదో అడుగుకు నడుము దాటవచ్చు. దానికి తోడు వెనక్కి లాగే ప్రవాహం. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఏదో ఒక పాయ గుండా తిరిగి లోపలికి పోవాలి కదా. ఆ పాయలో అల విరగదు, నురగ ఉండదు, చూడటానికి అదే ప్రశాంతంగా ఉంటుంది. ఈత రానివాడు సరిగ్గా అక్కడే దిగుతాడు. గుర్తు పెట్టుకోండి: రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నున్నగా కనిపించే చోటే ప్రమాదం.

యారాడ బీచ్‌లో ఒకసారి మోకాలి లోతులో నిలబడి ఫొటోకు నవ్వుతున్నాను. కాళ్ల కింద ఇసుక జారింది. తరువాతి అల వెనక్కి లాగితే కూర్చుండిపోయాను, కళ్లజోడు పోయింది. పక్కనున్న కుర్రాడు చొక్కా పట్టుకోకపోతే ఈ వ్యాసం మీరు చదివేవారు కాదు. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపే ఎదురీదాలని చూడకండి, అలసిపోతారు. తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగండి. పాయ దాటాక అలలే బయటకు నెడతాయి. ఈత రాకపోతే చేయి పైకెత్తి అరవండి. అసలు మంచిది చీలమండ దాటి దిగకపోవడం. ఈత సరదా ఉంటే గజ ఈతగాళ్లు ఉండే చోట, వాళ్లు జెండాలు పాతిన హద్దుల్లో దిగండి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉండే తీరాలకు ఇచ్చేది. కయాకింగ్, స్కూబా లాంటి ఆటలు కూడా అక్కడే దొరుకుతాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు వాళ్లే ఆపేస్తారు, బతిమాలకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పేపరులో ఇంకో మాట చూస్తూ ఉండండి: ఓడరేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారని. ఒకటి, రెండు దూరాన వాయుగుండమో తుపానో ఉన్నట్టు. మూడు అంటే ఈదురుగాలి రేవును తాకవచ్చని. ఆ రోజు బీచ్ కార్యక్రమం రద్దు చేసుకోండి. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. పదకొండు ఎగరేశారంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు మా మేడ మీది నీళ్ల ట్యాంకు పక్క వీధిలో దొరికింది. అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయో చూద్దామని బయలుదేరే సరదా ఆ రోజుతో నాకు తీరిపోయింది.

చేపలు కొనడం కూడా ఒక షికారే

మాంసాహారులు కాకపోయినా ఒక్కసారి చూడవలసిన పని ఇది. రెండు చోట్లు ఉన్నాయి, రెండూ వేరు వేరు రుచులు.

మొదటిది చేపల రేవు. చీకటి ఉండగానే వెళ్లండి. పాత చెప్పులు వేసుకోండి, నేలంతా నీళ్లు, మంచు ముక్కలు, పొలుసులు. మూత ఉన్న బకెట్టు, చిల్లర పట్టుకెళ్లండి. మరపడవల నుంచి దిగిన సరుకు కుప్పలుగా, గంపలుగా వేలం వేస్తారు. ఆ పాట మనకోసం కాదు. అది వ్యాపారులది, అంకెలు రెప్పపాటులో మారిపోతాయి. తల ఊపితే గంప మీదైపోతుంది, ఊరికే తల ఊపకండి. పాట చూసి, బయట వరసగా కూర్చున్న ఆడవాళ్ల దగ్గర కొనండి. కొత్తలో ఒకామెను "తాజావేనా అమ్మా?" అని నాలుగుసార్లు అడిగాను. "బాబూ, చేప కళ్లు చూడు, నా కళ్లు చూస్తావెందుకు?" అంది. అదే పాఠం: కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి కుంగి మసకబారితే వద్దు. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి.

పేర్లు కూడా నేర్చుకోండి. మీరు వంజరం అనేదాన్ని ఇక్కడ కోనాం అంటారు. చందువా, పండుగప్ప ఖరీదైనవి, చుట్టాలు వచ్చినప్పటికి ఉంచుకోండి. రోజువారీకి కానాగంతలు, కవ్వళ్లు, నెత్తళ్లు. చవక, రుచి, పులుసుకు పెట్టింది పేరు. కోయించుకునేటప్పుడు తల వదిలేసి రాకండి. మేము ఆరు నెలలు వదిలేశాం, కోసేవాళ్లు మావంక జాలిగా చూసేవారు.

రెండోది ఒడ్డున లాగే పెద్దవల. పెద జాలారిపేట వైపో, బీచ్ రోడ్డు వెంబడో పొద్దున్న నడుస్తుంటే, ఇసుకలో రెండు జట్లు దూరదూరంగా నిలబడి తాళ్లు లాగుతూ కనిపిస్తాయి. అలివి వల అని కూడా అంటారు. పడవ ఒక తాడు కొస ఒడ్డున వదిలి, సముద్రంలో అర్ధచంద్రంగా వల వేసుకుంటూ తిరిగి వచ్చి రెండో కొస ఒడ్డుకు ఇస్తుంది. ఇక లాగుడే. వెనక్కి వాలి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, ఒకడు పదం అందుకుంటే మిగతావాళ్లు పలుకుతూ లాగుతారు. కొసన ఉన్నవాడు తాడు చుట్టచుట్టి మళ్లీ ముందుకు వచ్చి పట్టుకుంటాడు. రెండు జట్లూ లాగుతున్నకొద్దీ దగ్గరవుతుంటాయి. వల దగ్గరికొస్తోందని మనకంటే ముందు కాకులకు, గద్దలకు తెలుస్తుంది. చివరి పది బారల్లో మాటలు ఆగిపోతాయి, అందరి కళ్లూ నీళ్లమీదే. వల సంచి ఇసుకమీదికి జారగానే లోపల వెండి ముద్దలా ఒకటే గలగల. కొన్ని రోజులు గంపలకొద్దీ నెత్తళ్లు, కొన్ని రోజులు జెల్లీ చేపలు, ప్లాస్టిక్ సంచులు, అంతే.

దగ్గరికి వెళ్లాలనుకుంటే తాడు దాటకండి, ఎదురుగా నిలబడకండి. ఓ పక్క ఊరికే నిలబడితే ఎవరో ఒకరు "ఓ చెయ్యి వెయ్యండి" అంటారు. వేయండి. అరచేతులు మండుతాయి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కొనడం మాత్రం వాటాలు పంచుకున్నాకే. అంతకుముందు ధర అడగడం మర్యాద కాదు.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలు, మోటారు పడవలు రేవు వదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ధర పెరుగుతుంది, మంచులో నిలవున్న సరుకు బయటకొస్తుంది. ఆ రోజుల్లో తెప్పల వాళ్లు, ఒడ్డున వల లాగేవాళ్లు తెచ్చినదే తాజా. వేసవిలో చేపల కోసం రేవుకు వెళ్లడం మాని తాటిముంజల మీద పడండి, భీమిలి రోడ్డు పొడవునా దొరుకుతాయి.

పాటు వేళ రాళ్ల మధ్యకు

ఎర్ర సున్నాలు చుట్టిన రోజుల పని ఇప్పుడు. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువే. నీరు బాగా పైకొస్తుంది, బాగా వెనక్కి పోతుంది. ఆ రోజుల్లో తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. మన తీరంలో ఆ తిథుల్లో పోటు ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది, పాటు మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఖచ్చితమైన వేళ ఫోనులో చూసుకోవచ్చు, లెక్క తెలిస్తే చూడకుండానే చెప్పవచ్చు.

తెన్నేటి పార్కు కింది రాళ్లు, రుషికొండ పక్క రాళ్లు, మంగమారిపేట దగ్గర శిలాతోరణం. ఈ మూడింటిలో దేనికైనా పాటు వేళకు గంట ముందు చేరండి. నీరు తగ్గుతున్నప్పుడు లోపలికి, నీరు తిరగగానే బయటకు. ఇదొక్కటే నియమం, దీన్ని తప్పకూడదు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. నాచు నూనెలా జారుతుంది, రాయికి అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి.

తరువాత ఒక గుంట ఎంచుకుని దాని పక్కన గొంతుకూర్చోండి. నడుస్తూ చూస్తే ఏమీ కనబడదు. ఐదు నిమిషాలు నీడ కదలకుండా కూర్చుంటే గుంట బతుకుతుంది. ఖాళీ శంఖం అనుకున్నది కాళ్లు బయటపెట్టి నడుస్తుంది. లోపల అద్దెకున్న పీత. రాతికి అంటుకున్న జిగురు ముద్ద నెమ్మదిగా రేకులు విప్పి పువ్వవుతుంది. దానిమీద చిన్న రొయ్యపిల్ల తేలి వచ్చిందా, మూసుకుంటుంది. రాతి పగుళ్లలో నల్లటి ముళ్ల బంతులు. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు ఒకే గుంట దగ్గర గంటపాటు కూర్చుంది, ఫోను అడగకుండా. ఈ ఊరికి వచ్చినందుకు నాకు దక్కిన లాభాల్లో దాన్ని మొదట లెక్కేస్తాను.

ఏదీ ఇంటికి తేకండి. రాయి ఎత్తి చూస్తే మళ్లీ అదే వైపుకు పెట్టండి. శంకువు ఆకారంలో అందంగా ఉండే గవ్వను పట్టుకోకండి, కొన్నింటికి విషపు ముల్లు ఉంటుంది.

తాబేలు పిల్లల కోసం

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటి వంద దాకా. కుక్కలు, మనుషులు తవ్వకుండా అటవీశాఖ వాళ్లు తెల్లవారేలోపు ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు. సాధారణంగా జోడుగుళ్లపాలెం వైపు ఇలాంటి కంచె కనిపిస్తుంది. సుమారు 50 రోజులకు పిల్లలు బయటపడతాయి. వాటిని పొద్దున్నే నీళ్లలోకి వదులుతారు.

చూడాలంటే ఫిబ్రవరిలోనే వెళ్లి కాపలావాళ్లతో పరిచయం చేసుకోండి. "పిల్లలు ఎప్పుడు?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి, రోజూ అడిగితే విసుక్కుంటారు, న్యాయమే. పొదిగే రోజులు లెక్కకు దొరకవు, కాబట్టి రెండు మూడుసార్లు వట్టి చేతులతో తిరిగిరావాల్సి ఉంటుంది. దొరికిన రోజున ఫ్లాష్ కొట్టకండి, చేత్తో ఎత్తకండి, నీటికీ వాటికీ మధ్య నిలబడకండి. అరచేతిలో సగం ఉండే నల్లటి పిల్ల ఇసుకమీద తెడ్లలాంటి కాళ్లతో ఈదుకుంటూ పోతుంది. మనిషి అడుగు గుంట దానికి ఒక లోయ. పడుతుంది, ఎక్కుతుంది. మొదటి అల వచ్చి వెనక్కి విసిరేస్తుంది, మళ్లీ బయలుదేరుతుంది. రెండో అలకు కనబడదు.

గిరి ప్రదక్షిణ: ముందునుంచీ తయారు కావాలి

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాటి మధ్యాహ్నం నుంచి మర్నాడు పున్నమి పొద్దుటి దాకా ఈ ఊరు నిద్రపోదు. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. భక్తి ఉంటే సరే. లేకపోయినా ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చే రాత్రి ఇదొక్కటే, చూడకుండా ఉండకండి.

నెల ముందు నుంచి వారానికి ఒకసారి 8, తరువాత 12, తరువాత 16 కిలోమీటర్లు నడిచి కాళ్లను సిద్ధం చేసుకోండి. చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. మీకు అలవాటు లేకపోతే మొక్కు పట్టుదలకు పోకండి. పాత, మెత్తటి చెప్పులు వేసుకోండి. కొత్త బూట్లు మాత్రం వద్దే వద్దు. తొడలు ఒరుసుకుపోకుండా కొబ్బరినూనో, వాజిలినో రాసుకోండి. సిగ్గుపడి ఎవరూ చెప్పని సలహా ఇది, పదో కిలోమీటరు దగ్గర నన్ను తలుచుకుంటారు. వెంట ఉండాల్సినవి తువ్వాలు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో, ఉప్పు-పంచదార పొట్లం, కాస్త చిల్లర. అంతే. తిండి, నీళ్లు మోసుకెళ్లకండి. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, రస్నా ఇస్తూనే ఉంటారు, వద్దంటే నొచ్చుకుంటారు.

కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరడం ఆనవాయితీ. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డున అప్పుఘర్‌కు వస్తారు. ఇక్కడ స్నానం. చీకట్లో, జనంలో లోపలికి దిగకుండా ఒడ్డున కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకోండి, పుణ్యం తగ్గదు. వెంటనే పొడి బట్టలు మార్చుకోండి. ఉప్పునీటి తడిబట్టలతో మిగిలిన దూరం నడిచినవాడి బాధ నేను చూశాను. అక్కడి నుంచి ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి. అసలు పరీక్ష కంచరపాలెం తరువాత. అర్ధరాత్రి దాటుతుంది, డప్పులు తగ్గుతాయి, కబుర్లు ఆగుతాయి, ఒకళ్ల అడుగుల చప్పుడు ఇంకొకళ్లకు వినిపిస్తుంది. కూర్చోకండి. కూర్చున్నవాడు లేవడం కష్టం. నిలబడే రెండు నిమిషాలు ఆగి, మళ్లీ నడవండి.

మామూలు నడకకు ఎనిమిది, తొమ్మిది గంటలు వేసుకోండి. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఎండ తప్పుతుంది. తోడు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే రెండు చోట్లు అనుకోండి, ఆ జనంలో ఫోను పలుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఇంటికి వచ్చాక గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టండి. మర్నాటికి సెలవు చీటీ ముందే ఇచ్చి ఉంచండి. పున్నమినాడు స్వామికి చివరి విడత చందన సమర్పణ జరుగుతుంది, దర్శనానికి పెద్ద వరస. ఓపిక లేకపోతే మరో వారం వెళ్లండి.

నడవలేని పెద్దవాళ్లను ఎంవీపీ ప్రాంతంలో ఏదైనా మజ్జిగ పందిరి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. గ్లాసులు అందిస్తూ తెల్లవార్లూ మేలుకుంటారు. మా అత్తగారికి కురుసుర కంటే ఇదే నచ్చింది.

మిగిలిన తేదీల సంగతి

వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదిలో ఆ ఒక్క రోజే చందనం పూత లేకుండా స్వామి నిజరూపం. తొక్కిసలాట లాంటి జనం ఉంటుంది, చిన్నపిల్లలతో నేనైతే వెళ్లను. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడివి. గర్భగుడికి పైకప్పు లేదు, అమ్మవారికి పసుపు కుంకాలు మన చేత్తోనే వేయవచ్చు. బుధవారం అర్ధరాత్రి నుంచే వరస మొదలవుతుంది. గురువారమే వెళ్లాలన్న పట్టింపు లేకపోతే మంగళవారం హాయిగా ఉంటుంది. పనిలో పని, పాతబస్తీ సందులు తిరిగి రండి. శివరాత్రి జాగరణ మర్నాడు సముద్రస్నానాలకు ఊరంతా ఒడ్డున ఉంటుంది. కార్తీకంలో వనభోజనాలకు కంబాలకొండ వైపు చెట్లు, కొంచెం ఆలస్యమైతే చోటు దొరకదు.

డిసెంబరు 4 సంగతి వేరు. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద నౌకాదళం చేసిన దాడికి గుర్తు ఆ రోజు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ విశాఖ ముందరే. ఆర్కే బీచ్ ఎదుట యుద్ధనౌకలు, హెలికాప్టర్ల విన్యాసాలు చేసే ఏడాదుల్లో ఊరు కదిలి వస్తుంది. ఈమధ్య కొన్నేళ్లుగా వేడుక వేరే ఊళ్లకూ వెళ్తోంది, తేదీ కూడా జరుగుతోంది, నవంబరు చివర్లో పేపరు చూడండి. ఒక కిటుకు: అసలు రోజున వెళ్లకండి. దానికి రెండు మూడు రోజుల ముందు పూర్తి రిహార్సల్ ఉంటుంది. అవే నౌకలు, అవే హెలికాప్టర్లు, సగం జనం, ముఖ్యులెవరూ రారు కాబట్టి దారులు అంతగా మూయరు. వడపప్పు పొట్లం కట్టుకుని మూడింటికే వెళ్లి కూర్చోండి.

వానా, ఉక్కా ఉన్న సాయంత్రాలకు ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, సంగీత నృత్యాలకు కళాభారతి, నాటకాలకు సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం. కార్యక్రమాల వివరాలు స్థానిక పేజీల్లో 'నగరంలో నేడు' లాంటి మూలల్లో వేస్తారు. ప్రవేశం ఉచితమైనవి బోలెడు. ముందు వరసలో కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు.

ఒక పూట భీమిలి

చుట్టాలు వస్తే, కారు మాట్లాడకుండా 900K నంబరు బస్సు ఎక్కించండి, కుడి పక్క కిటికీ పట్టుకోండి. పొద్దున్నే బయలుదేరండి. 25 కిలోమీటర్ల దారి దాదాపు సముద్రం వెంటే. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయింది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. డచ్చివాళ్ల సమాధులు చూడండి; మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి, వేలితో తడిమితే పుర్రె బొమ్మ తగులుతుంది. అక్కడి నుంచి గోస్తని నది సముద్రంలో కలిసే చోటికి నడవండి. పాటు వేళకు ఇసుక తిన్నె బయటపడి, నది సన్నగా మెలికలు తిరుగుతూ వెళ్తుంది. అక్కడ కూడా నీళ్లలో దిగొద్దు. తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి, అంచులు ఎక్కకుండా కింది దారిలో ఓ అరగంట తిరిగి, తరువాతి బస్సు అందుకోండి. ఎండ ముదిరేలోపు ఇంట్లో ఉంటారు.

ఇక జూన్ 14. ఆ సాయంత్రం ఏ పనీ పెట్టుకోకుండా చేపల రేవుకు వెళ్లండి. రెండు నెలలు ఒడ్డున పడుకున్న పడవలకు కొత్త రంగులు వేసి ఉంటారు. మంచు ఎక్కిస్తుంటారు, డీజిల్ పీపాలు దొర్లుతుంటాయి, వలలు మడతపెడుతుంటారు. పడవ ముక్కు మీద పసుపు పూసి, దండ వేసి, గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. ఆడవాళ్లు హారతి ఇస్తారు. నిషేధం గడువు దాటగానే ఒక్కొక్క ఇంజనూ అందుకుంటుంది. దీపాలు వరసగా రేవు నోటి నుంచి బయటపడి చీకట్లోకి విడిపోతాయి. ఒడ్డున ఉన్నవాళ్లు ఇంటికి బయలుదేరుతూ, రేపెల్లుండి ఏ చేప వస్తుందో వాదించుకుంటుంటారు. మీరు బకెట్టు కడిగి పెట్టుకోండి.